నెత్తురు రాని చిగుళ్ళు

ఏడో నంబరు ఈసారి కూడా ఎర్రబడలేదు.

సుధారాణి మైక్రోస్కోపు మీంచి తలెత్తి మెడ వెనక రెండు వేళ్ళతో నొక్కుకుంది. ఇది మూడోసారి. ఒక్కోసారికి ఇరవయ్యొక్క రోజులు. ఆదివారమని లేదు, పండగని లేదు. గాజువాకలో బస్సెక్కి, నిలబడి, చెమటతో తడిసి డెంటల్ కాలేజీకి రావడం, రెండ్రోజులకోసారి పాత ద్రవం తీసి కొత్త ద్రవం పొయ్యడం. కన్నకూతురికి కూడా ఇంత వేళ తప్పకుండా పాలు పట్టలేదు తను. ఇంతా చేస్తే ఫలితం ఇదీ. చుట్టూ ఉన్న డిష్షులన్నీ పారాణి పెట్టినట్టు ఎర్రగా ఉంటే, అదొక్కటీ వెలిసిపోయిన గుడ్డలా తెల్లగా పడి ఉంది.

చిగుళ్ళలో మూలకణాలని ఉంటాయి. పైకి కనిపించవు, పేరు రాదు, జీతం అడగవు. దెబ్బ తగిలినచోట కొత్త కండ పుట్టించడం వాటి పని. సరిగ్గా పురమాయిస్తే ఎముక కూడా తయారుచేస్తాయి. బాగున్న చిగుళ్ళలో అవి ఎలా పనిచేస్తాయి, పయోరియా పట్టిన చిగుళ్ళలో ఎలా పనిచేస్తాయి అన్నది డాక్టర్ దేవిశ్రీ మూడేళ్ళ పరిశోధన. ఎనిమిదిమంది ఆరోగ్యవంతుల దగ్గరా, ఎనిమిదిమంది రోగుల దగ్గరా గోరులో సగం కూడా లేని చిగురు ముక్కలు తీసుకున్నారు. వాటిలోంచి కణాలు పెంచి, ఎముక కట్టించే ద్రవం పోసి, మూడు వారాలాగి రంగు వేస్తే, పనిచేసినవి ఎర్రబడతాయి. పరిశోధన దేవిశ్రీది. పెంచడం, తడపడం, కడగడం సుధారాణిది. పన్నెండేళ్ళుగా ఆ ల్యాబులో ఆమె కాంట్రాక్టు టెక్నీషియన్.

తమాషా ఏమిటంటే, రోగులవి ఎనిమిదీ ఎంతో కొంత ఎర్రబడ్డాయి. చీము పట్టిన చిగుళ్ళలోంచి తెచ్చిన కణాలు కూడా, ఆ కొంపలోంచి బయటపడ్డాక, ముక్కుతూ మూలుగుతూ పని చేశాయి. ఆరోగ్యవంతుల్లో ఏడుగురివి దివ్యంగా చేశాయి. మిగిలిన ఆ ఒక్క ఏడో నంబరే చెయ్యలేదు.

సంగతి విని విభాగాధిపతి కృష్ణంరాజు గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆయన ఇంకో రెండేళ్ళలో రిటైరవుతారు, షుగరుంది, మనుషుల మీద అరవడం మానేసి చాలాకాలమైంది. అరిస్తే బాగుండుననిపిస్తుంది ఒక్కోసారి.

"లేబుళ్ళు తారుమారయ్యాయేమోనమ్మా."

"లేదు సార్. మూడుసార్లూ నేనే వేశాను."

"నేననేదీ అదే. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాత్రం మాయం."

జాలరింటి కోడలి ముందు రొయ్యల సామెత వెయ్యడంలో ఆయనకి దురుద్దేశం ఏమీ లేదు. నోటికొచ్చింది, అన్నారు. కానీ పన్నెండేళ్ళలో ఒక్క సీసా మీద కూడా పేరు తప్పు రాయని మనిషికి అది ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది.

"ఇంక దీన్ని లాగొద్దు. బ్యాక్టీరియా పట్టింది, పారేశాం అని రాసి సంతకం పెట్టు. ఏడుగురితో సరిపెడదాం. సోమవారానికి ఇచ్చెయ్. నీ రెన్యూవల్ కాగితం కూడా సోమవారమే పంపాలి."

బెదిరింపు కాదది. రెండు కాగితాలూ ఒకే రోజు పంపడం ఆయనకి వీలు. అయినా వినేవాళ్ళకి వినపడవలసింది వినపడుతుంది.

ఆయనకి తెలియని సంగతి ఒకటుంది. ఏడో నంబరు సుధారాణి అత్తగారు కాసులమ్మది.

నడివయసు దాటాక చిగుళ్ళు బాగున్న మనిషి దొరకడం అంత తేలిక కాదు. బాగున్నవాడు పళ్ళ డాక్టరు దగ్గరికి ఎందుకొస్తాడు? ఆరుగురు దొరికేసరికే దేవిశ్రీకి ఏడాది పట్టింది. సరిగ్గా అప్పుడు కాసులమ్మ పీత కాలు కొరికి దవడ పన్ను నిలువునా చీల్చుకుంది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. తెల్లారకముందే ఫిషింగ్ హార్బరుకి వెళ్ళి వేలంలో చేపలు పాడుకుని, బుట్టతో వన్ టౌన్ సందులన్నీ తిరిగి అమ్ముకొస్తుంది. పన్ను పీకించడానికి సుధారాణే తీసుకొచ్చింది. దేవిశ్రీ సన్నటి కొలతపుల్లతో పన్ను పన్నుకీ చుట్టూ గుచ్చి చూసింది. ఒక్క నెత్తురు చుక్క రాలేదు.

"పాతికేళ్ళవాళ్ళకి కూడా ఇంత గట్టిగా ఉండవు ఆంటీ," అంది ముచ్చటపడి.

కాసులమ్మ ఆ మాటకి కుర్చీలోనే ఓ జానెడు పెరిగింది. ఆపైన ఫారం. చుట్ట, బీడీ, గుట్కా ఏమైనా అలవాటుందా?

"సీసీ, నాకేటమ్మా? నేదు," అంది.

ఆ "లేదు"ని ఫారం మీద రాసింది సుధారాణే. పదకొండేళ్ళుగా ఒకే కప్పు కింద ఉంటున్న మనిషి సంగతి ఆగి ఆలోచించాలని ఎవరికి మాత్రం తోస్తుంది?

కృష్ణంరాజు గారు గడువు పెట్టిన మర్నాడు ఆదివారం. కాసులమ్మ చీకటితోనే షేరాటోలో వెళ్ళిపోయింది. ఫోను మాత్రం స్టవ్ పక్కనే మర్చిపోయింది. ఎలాగూ సీసాలు చూసుకోవాలి కదా అని సుధారాణి ఆ ఫోను పట్టుకుని తొలి బస్సెక్కి, ముందు హార్బరు దగ్గర దిగింది.

బోట్లు వచ్చాయి. ఐసు పగలగొడుతున్నారు, వేలం పాటలు పాడుతున్నారు, కాకులూ మనుషులూ ఒకటే గోల. కాసులమ్మ అయిదారుగురు ఆడవాళ్ళ మధ్య కూర్చుని రెండు చేతులా కవళ్ళ చేపలు ఏరుతోంది. పెదాలు బిగించి ఉన్నాయి, అయినా కబుర్లు ఆగడం లేదు. మాటలన్నీ నోటి పక్కనుంచి వస్తున్నాయి. ఏదో నములుతోంది కాబోలు అనుకుంది సుధారాణి. ఇంకా దగ్గరికి వెళ్ళాక ఆ పెదాల సందులోంచి అంగుళమంత నల్లటి తోక కనిపించింది. కాసులమ్మ దాన్ని బయటికి లాగి పక్కకి ఉమ్మింది. నోట్లో ఉన్న కొస ఎర్రగా రగులుతోంది.

అడ్డచుట్ట. తెలియనివాళ్ళకి చెబితే నమ్మరు. నిప్పున్న కొస లోపల పెట్టుకుని, పెదాలు మూసి పీలుస్తారు. సముద్రపు గాలికి ఆరదు. తడి చేత్తో పట్టుకోనక్కర్లేదు. నుసి చేపల మీద రాలదు. మంచులో కూర్చున్నా నోరు వెచ్చగా ఉంటుంది. ఈ తీరంలో అమ్మమ్మల నాటినుంచి ఆడవాళ్ళ అలవాటది. నిప్పు లేనిదే పొగ రాదంటారు. కాసులమ్మ దగ్గర నిప్పు నిక్షేపంగా ఉంది, పొగే గాజువాక దాకా రాలేదు.

కోడల్ని చూసి కాసులమ్మ చుట్టని చటుక్కున చీర కుచ్చిళ్ళ కింద దాచబోయి, కాలుతుందని గుర్తొచ్చి, ఐసు నీళ్ళలో పడేసింది.

"ఎన్నేళ్ళ నుంచి అత్తా?"

"పదమూడో ఏట మాయమ్మ అంటించి ఇచ్చింది. నీ పెళ్ళినాడు మానీసినాను."

"మానేస్తే మరి ఇదేటి?"

"ఇంట్లో మానీసినానే." కాసులమ్మ గొంతు తగ్గించింది. "కోడలు డాట్రు కాలేజీలో పనిసేత్తంది, అత్త అడ్డసుట్ట కాలుత్తంది అంటే నామోషీ ఎవులికి? నీకే గదా."

సుధారాణి పక్కనున్న ఐసు పెట్టె మీద కూలబడింది. పొగాకు చిగుళ్ళలోని నెత్తురు నాళాల్ని బిగించేస్తుందని ఆ కాలేజీ గోడలు కూడా అప్పజెబుతాయి. లోపల ఎంత పాడైనా గుచ్చితే నెత్తురు రాదు. పైకి గట్టిగా, ఆరోగ్యంగా కనిపిస్తాయి. అరవై మూడు రోజులు తను తిట్టుకున్నది ద్రవాన్ని, ఇంక్యుబేటర్ని, తన చేతుల్ని. తప్పు అక్కడెక్కడా లేదు. నలభై అయిదేళ్ళ నిప్పు పక్కన బతికిన కణాలవి.

"అత్తా, నీ చిగురు ముక్క సీసాలో పెంచుతన్నానని సెప్పాను గదా. మూడుసార్లు పెంచినా అది పని సెయ్యలేదు. నీ నోట్లో ఏదో తేడా ఉంది."

"నా నోటి సంగతి నాకన్నా ముందు ఆ సీసాకి తెలిసిందేటే?" అంది కాసులమ్మ. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు పకపకా నవ్వారు. వాళ్ళలో ముగ్గురి పెదాల మధ్య అదే నల్లటి తోక ఉంది.

"నవ్వులాట కాదు. రేపు నాతో రా. మేడం నీ అంగిలి సూస్తారు, నిప్పు తగిలేది అక్కడే."

కాసులమ్మ నవ్వు ఆగిపోయింది. చేపల్ని అటూ ఇటూ కదిపింది. "నాను రాను. ఆ పిల్ల నా సిగుళ్ళు సూసి ఎంత ముచ్చటపడింది! ఏ మొకం ఎట్టుకుని ఎల్లి అబద్ధమాడినానని సెప్పమంటావు? పైగా నేదని రాసింది నువ్వు. నీ ఉద్యోగానికే ఎసరు. మీ పెద్దాయన పారబోసినట్టు రాసీమన్నాడని నిన్న నువ్వే గదే సెప్పినావు. రాసీ. గొడవొదిలిపోద్ది."

ఆ మాట తప్పని కోడలికి అనిపించలేదు. కాలేజీకి వెళ్ళే బస్సులో కిటికీకి తల ఆనించి అదే ఆలోచించింది. భర్త ఉమామహేష్ స్టీలుప్లాంటులో కాంట్రాక్టు, తను ఇక్కడ కాంట్రాక్టు. ఏటా ఇద్దరి బతుకూ ఎవరో ఒకరి సంతకం మీద నిలబడుతుంది. ఇప్పుడు నిజం చెప్పి ఎవర్ని ఉద్ధరించాలి? అత్తని నెమ్మదిగా ఇంకెక్కడైనా చూపించొచ్చు. ఆ "నెమ్మదిగా" ఎప్పటికీ రాదని తెలుసు. తెలిసినా అంత అలసటలో ఆ మాటే హాయిగా ఉంది. ల్యాబులో కాగితం తీసి "బ్యాక్టీరియా సోకినందున" అని రాసింది, తేదీ వేసింది. సంతకం ఒక్కటే మిగిలింది. అది రేపు పెట్టొచ్చులే అని ఇంటికి బయల్దేరింది.

మధ్యాహ్నం చేపల పులుసు. కాసులమ్మ కంచం ముందు కూర్చుని ముక్కని గ్లాసు నీళ్ళలో కడిగింది.

"మళ్ళీ కారం దండిగా ఏసినావే."

ఈ మాట సుధారాణి ఆరు నెలలుగా వింటోంది. విన్నప్పుడల్లా గిన్నెలు చప్పుడు చేసి జవాబు చెబుతోంది. మీ అమ్మకి నా వంట ఎప్పుడు నచ్చింది కనక అని మొగుడి దగ్గర రెండుసార్లు ఏడ్చింది కూడా. ఇవాళ మాత్రం చెయ్యి గిన్నె మీదికి వెళ్ళలేదు. ఎదురుగా ఉన్న మనిషినే చూసింది. పచ్చిమిరపకాయ కొరుక్కుని గంజి తాగిన మనిషి. పులుసులో కారం కళ్ళకి తగలకపోతే అది పులుసే కాదనేది. అదే మనిషి ఇప్పుడు అన్నాన్ని ఫ్యాను గాలికి చల్లార్చి, మజ్జిగ పోసి, ముద్దని ఎడమ బుగ్గలో దాచుకుని మింగుతోంది. మింగినప్పుడల్లా కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

"ఎన్నాళ్ళ నుంచి మండుతంది అత్తా?"

కాసులమ్మ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "దసరా ఎల్లినకాడ్నుంచి."

"సెప్పవేటి మరి?"

"సెప్తే నోరు తెరమంటావు."

సుధారాణికి ముందు కోపం వచ్చింది, ఆ వెనకే సిగ్గేసింది. ఈ నోట్లోంచి వచ్చిన కణాల్ని రెండు నెలలు మైక్రోస్కోపు కింద పెట్టుకుని చూసింది. రోజూ ఎదురుగా అన్నం తినే ఈ నోటిని ఒక్కసారీ చూడలేదు. ఆరు నెలలు వంటకి వంక పెడుతోందని పంతం పట్టింది, అంతే.

"రేపు నువ్వు రాకపోయినా నేను సంతకం పెట్టను," అంది. "వచ్చినా పెట్టను. ఉద్యోగం ఎలాగూ పోతాది. నువ్వొస్తే నీ నోరైనా దక్కుతాది."

కాసులమ్మ కంచంలో చెయ్యి కడుక్కుని లేచింది. మర్నాడు పొద్దున హార్బరుకి వెళ్ళకుండా, ఉతికిన చీర కట్టుకుని గుమ్మం దగ్గర నిలబడి ఉంది.

కుర్చీ మీద లైటు వెలిగింది. ఈసారి దేవిశ్రీ అద్దాన్ని అంగిలికి పెట్టింది. అంగిలంతా ఉప్పు పేరుకున్నట్టు తెల్లగా, గరుకుగా ఉంది. మధ్య మధ్య ఎర్రటి చుక్కలు. కుడివైపు వెనక కందిబద్దంత మేర పచ్చిపుండు. దేవిశ్రీ అద్దాన్ని పక్కన పెట్టింది.

"ఆంటీ, ఆ రోజు నేను చిగుళ్ళే చూశాను. అద్దం కొంచెం పైకి తిప్పలేదు. తప్పు నాది కూడా."

"అబద్ధం నాది తల్లీ. నీదేటుంది?" అంది కాసులమ్మ. తరవాత నోరు తెరిచి ఉంచి, కళ్ళు మూసుకుంది. ముక్క తీసి పరీక్షకి పంపారు.

సుధారాణి అదే నడకలో కృష్ణంరాజు గారి గదికి వెళ్ళి మొత్తం చెప్పింది. ఏడో నంబరు ఎవరిదో, ఫారం ఎవరు నింపారో, హార్బరులో ఏం చూసిందో అంతా. చెబుతుంటే ధైర్యంగా ఏమీ లేదు, కూర్చోమంటే బాగుండుననిపించింది. ఆయన అనలేదు.

"ఇంట్లో మనిషిని తెచ్చావు. చెప్పింది నిజమో కాదో చూడకుండా నువ్వే నింపావు. ఇది బయటికి రాస్తే మిగతా పదిహేనూ అనుమానిస్తారమ్మా. మూడేళ్ళ పని."

"రాయకపోతే సార్?"

"ఎవరూ అడగరు."

"నోరు మండుతోందా అని మా అత్తనీ ఎవరూ అడగలేదు సార్. ఇంట్లో ఉండి నేనూ అడగలేదు. మూడుసార్లు చెప్పింది ఆ డిష్షొక్కటే. అది కూడా నా తప్పే అనుకున్నాం."

ఆయన కళ్ళద్దాలు తీశారు గానీ తుడవలేదు. బల్ల మీదున్న రెన్యూవల్ కాగితాన్ని ఒకసారి చూసి, సొరుగులో పెట్టారు. "ఉన్నది ఉన్నట్టే రాద్దాంలే. దాని కణాలు మిగిలున్న సీసా మాత్రం పారబోసెయ్. నీ సంగతి... చూద్దాం." పెద్దలు చూద్దామంటే దాని అర్థం ఏమిటో పన్నెండేళ్ళ కాంట్రాక్టు మనిషికి విడమరిచి చెప్పనక్కర్లేదు.

పది రోజులకి ఫలితం వచ్చింది. క్యాన్సరే, కాకపోతే ఇంకా లోతుకి దిగలేదు. అంతమేర తీసేస్తే సరిపోతుంది, ఇంకో ఆరు నెలలు ఆగి ఉంటే పైదవడ సగం పోయేది అంది దేవిశ్రీ. ఇక జన్మలో చుట్ట ముట్టకూడదంది. కాసులమ్మ తలూపింది. ఆ రాత్రి ఉమామహేష్ తల్లి పక్కన చాప వేసుకుని పడుకున్నాడు.

మార్చి ముప్పై ఒకటిన ఆపరేషన్ ముందు రక్తపరీక్షలకి కాసులమ్మ కాలేజీకి వచ్చింది. సూది గుచ్చినచోట దూది నొక్కుకుంటూ, ఆయాసపడుతూ మెట్లెక్కి ల్యాబు దాకా వచ్చి నిలబడింది. సుధారాణికి ఆ ఉద్యోగంలో అదే ఆఖరి రోజు. అయిదింటికి తాళాలు అప్పజెప్పాలి. అన్నీ సర్దేసింది. ఒక్క పనే మిగిలింది. రెండు వారాలుగా ఇవాళా రేపూ అంటూ, పారబొయ్యకుండా మేపుకొస్తున్న ఏడో నంబరు సీసా.

"ఏదీ, సూపించు," అంది కాసులమ్మ.

సుధారాణి సీసాని మైక్రోస్కోపు కింద పెట్టి, అత్త తలని మెల్లగా వంచింది. కాసులమ్మ ఒక కన్ను మూసి, రెండోది మూసి, చివరికి చూడగలిగింది.

"ఇయ్యి నాయేనా? పరిగి సేపపిల్లల్లాగున్నాయి."

"నీవే."

"సచ్చిపోనాయా?"

"లేదత్తా. బతికే ఉన్నాయి. పని చెయ్యడమే మానేశాయి."

"ఇప్పుడేటి సేత్తావు?"

"బ్లీచింగు పోసి పారబొయ్యాలి. సార్ చెప్పారు."

కాసులమ్మ మైక్రోస్కోపు మీంచి లేవలేదు. "ఒలే, నాను అబద్ధమాడినాను. నువ్వు రాసీసినావు. ఆ పిల్ల సూసి కూడా సూడనేదు. మీ పెద్దాయన కప్పెట్టీమన్నాడు. మనందర్లోకీ నిజం సెప్పింది ఇదొక్కత్తే గదే. దీన్నా పారబోత్తారు?"

సుధారాణి చేతిలో బ్లీచింగు సీసా మూత తీసే ఉంది. తన పన్నెండేళ్ళ గురించి ఎవరూ అనని మాట ఎవరో అన్నట్టనిపించింది. అత్త అన్నది ఆ కణాల గురించే. అయినా ఏడుపొచ్చింది, ఏడ్చింది. కాసులమ్మ తలెత్తి చూసి, తడి దూదిని చెత్తబుట్టలో పడేసింది.

సుధారాణి బ్లీచింగుకి మూత పెట్టింది. చేతులకి గ్లవ్స్ తొడుక్కుని, ఏడో నంబరులో పాత ద్రవం తీసి కొత్త ద్రవం పోసింది. లేబుల్ మీద "ఆరోగ్యం" అన్నది కొట్టేసి, దాని పక్కన ఏమీ రాయలేదు. సీసాని ఇంక్యుబేటర్లో వెనక వరసలో పెట్టి తలుపు మూసింది. రిజిస్టరు తీసి, మళ్ళీ ద్రవం మార్చవలసిన తేదీ రాసింది: ఏప్రిల్ రెండు. ఆ రోజుకి తను ఈ గదిలో ఉండదు. అది తెలిసే రాసింది.

"పదవే," అంది కాసులమ్మ తలుపు దగ్గర నిలబడి. "బస్సు పోతాది."